కలెక్టరమ్మ చెవి

పడమటి గాలి, మూడో రోజు

ఈ పుస్తకం నిరుపమ ఇచ్చింది. "గాడిదలతో మీరు ఏం చేశారో ప్రతిరోజూ రాయండి తవుడు గారూ. ఏం అనుకున్నారో అక్కర్లేదు" అంది. నలభై తొమ్మిదేళ్ల బతుకులో నన్ను 'గారూ' అన్న మొదటి మనిషి ఆ అమ్మాయి. అందుకని రాస్తున్నాను. నేను చదివింది ఐదు. అందులో రెండేళ్లు గోడకుర్చీలోనే గడిచాయి కాబట్టి అక్షరాలు కొంచెం వంగి ఉంటాయి. అనుకున్నవి కూడా రాస్తాను. చేసినవే రాస్తే రోజుకి రెండు ముక్కలతో అయిపోతుంది: పట్టుకున్నాను, వదిలాను.

నా పేరు తవుడు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, మూడోవాడు చావు కంట పడకూడదని మా అమ్మ నన్ను చేటెడు తవుడుకి అమ్మి మళ్లీ తెచ్చుకుంది. గాడిదలు తవుడంటే ప్రాణం పెడతాయి. ఆ లెక్కన ఈ పని నా నొసట పుట్టిన రోజే రాసి ఉంది.

కొండ మీద పద్దెనిమిది గాలిమరలు ఉన్నాయి. అవి తిరిగితే కరెంటు ఇటుకలు నిండుతాయి. నిండిన ఇటుక కిందికి పోవాలి, ఖాళీ ఇటుక పైకి రావాలి. ఒక్కోటి పదకొండు కిలోలు. సముద్రం పైకి వచ్చినప్పుడు బండి దారి కొట్టుకుపోయింది, మెట్లదారి మిగిలింది. రెండు వేల మూడు వందల మెట్లు. మెట్ల మీద చక్రం పనికిరాదు, గాడిద పనికొస్తుంది. కింద ఊళ్లలో దీపం వెలిగినా, నీళ్లు తోడినా మా పదకొండు గాడిదల మోకాళ్ల మీదే.

పేర్లన్నీ నేను పెట్టినవే. కలెక్టరమ్మ, తాసిల్దారు, మునసబు, కరణం, ఇలా. వాళ్లెవరో నాకు తెలియదు. మా తాత తిట్టేటప్పుడు మాత్రమే ఈ మాటలు వచ్చేవి, వినడానికి బాగుండేవి.

నిరుపమ పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఒక మెత్తటి టోపీ, ఒక తెర, మూడు పెట్టెలు తెచ్చింది. టోపీకి గాడిద చెవులు పట్టేంత రెండు బొక్కలున్నాయి. అది పెడితే గాడిద మెదడు తెర మీద కనిపిస్తుందట. తన సామాను విప్పుకుంటుంటే నేను పక్కన చేరాను.

"మేడం, మా గాడిదలకి కొత్తవోలు ముందు దండం పెట్టి పేరు సెప్పుకోవాల. నేకపోతే టోపీ పెట్టనివ్వవు."

నిజమే అనుకుంది పాపం. ఒక్కో గాడిద ముందు నిలబడి, చేతులు జోడించి, "నా పేరు నిరుపమ, కేంద్రం నుంచి వచ్చాను" అని చెప్పుకుంటూ వెళ్లింది. ఎనిమిదో గాడిద దగ్గర ఉండగా సూదిశాలలోంచి సన్యాసమ్మప్ప బయటికి వచ్చింది.

"ఏటి సేస్తన్నాదిరా ఆ పిల్ల?"

"పరిచయాలు అప్పా."

"నీ మొకం మండా."

నిరుపమకు అర్థమైంది. నా వైపు ఒకసారి చూసింది. చూసి, మిగిలిన మూడు గాడిదలకు కూడా దండం పెట్టి పేరు చెప్పింది. "మధ్యలో ఆపితే ఈ ముగ్గురూ చిన్నబుచ్చుకుంటారు" అంది.

ఈ అమ్మాయితో కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

పడమటి గాలి, నాలుగో రోజు

సన్యాసమ్మప్ప నాకు చుట్టం కాదు. కొండ మీద అందరికీ అప్పే. అరవై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లుగా గాడిదలకు సూదులు గుచ్చుతోంది. ఐదు రోజులు మోత, ఆరో రోజు సూదిశాల, అది కొండ కట్టడి. వెంట్రుకంత సూదులు. మోకాళ్ల చుట్టూ, వెన్ను వెంబడి గుచ్చి కాసేపు ఉంచుతుంది. గాడిద కింది పెదవి వేలాడేసి, కళ్లు సగం మూసి, పాత భోజనం నెమరువేసుకుంటున్న పెళ్లిపెద్దలా నిలబడుతుంది. నొప్పి మాత్రలు మనుషులకే చాలవు. కాబట్టి గాడిదకి ఉన్న వైద్యం ఇదొక్కటే.

మా కొండ సభ ప్రెసిడెంటు పరదేశినాయుడు ఈ మధ్య ఆ ఆరో రోజు వైపు చూస్తున్నాడు. కింద ఊళ్ల వాళ్లు ఇటుకలు ఇంకా కావాలంటున్నారు. "సూది పని సేస్తే ఉండనీ. పని సెయ్యకపోతే ఆ రోజు కూడా నడిపిద్దాం. గాడిదని అడిగితే సెప్పదు కదా" అన్నాడు. ఆ మాటలో నిజముంది. గాడిద కుక్కలా మూలగదు, ఆవులా కన్నీరు పెట్టదు. మోకాలు విరిగిపోతున్నా నిటారుగా నడుస్తుంది. పడిపోయిన రోజునే మనకు తెలుస్తుంది. అందుకే గాడిదని కాదు, గాడిద మెదడుని అడగడానికి ఈ టోపీ తెప్పించారు.

పద్ధతి ఇది. ప్రతి గాడిదకీ మూడు వంతులు. ఒక వంతు అసలు సూది. ఒక వంతు దొంగ సూది. దొంగ సూది మొన మొద్దుగా ఉంటుంది, ఒంటికి తగలగానే తన గొట్టంలోకి తానే దూరిపోతుంది. గుచ్చినట్టు ఉంటుంది గానీ గుచ్చుకోదు. మూడో వంతులో ఏ సూదీ ఉండదు, ఊరికే నిలబెట్టడమే. ఏ వంతో సన్యాసమ్మప్పకు చీటీలో వస్తుంది. తెర చూసే నిరుపమ గుడ్డ అడ్డానికి అవతల కూర్చుంటుంది, తనకు తెలియదు.

తెర మీద మెదడు కాలీఫ్లవర్ ముక్కలా ఉంది. నొప్పి ఉన్నచోట ఎర్రగా, పండు మిరపకాయంత కనిపిస్తుంది. నొప్పి తగ్గితే కాయ చిన్నదవుతుంది.

"నేనేటి సెయ్యాల?" అని అడిగాను.

"మామూలుగా పట్టుకోండి."

"మామూలంటే?"

"ఎప్పుడూ ఎలా పట్టుకుంటే అలాగే."

ఎడమ చేత్తో పగ్గం, కుడి చేత్తో చెవి. పట్టుకుని నెమ్మదిగా తిడుతూ నిలబడ్డాను. గొంతు పెంచకుండా తిడితే గాడిదకి అది జోలపాట. తాసిల్దారు, కరణం, మునసబు అయ్యారు. మునసబు నా కాలు తొక్కాడు. కావాలనే.

పడమటి గాలి, ఏడో రోజు

నిన్నా ఇవాళా ఆరు గాడిదలు. ఎడమ చేత్తో పగ్గం, కుడి చేత్తో చెవి. మామూలే.

ఒక చిన్న పని చేశాను. అసలు సూది గొట్టాలకు ఎర్ర దారం, దొంగ సూది గొట్టాలకు తెల్ల దారం కట్టి ఉంటుంది. నిన్న పొద్దున్నే వాటిని మార్చి కట్టాను. ఇంత తెలివైన తెర కనిపెడుతుందా లేదా చూద్దామని. తెర కనిపెట్టలేదు. సన్యాసమ్మప్ప వేళ్లు ఇవాళ కనిపెట్టాయి.

"ఎర్ర దారం కట్టున్నాది, లోపలికి పోవడం నేదు. తవుడూ, ఇలాగ రా."

నేను నవ్వాను. అప్ప నా వీపు మీద ఒకటి వేసింది, అది సరే. నిరుపమ మాత్రం రెండు రోజుల కాగితాలు తీసి అడ్డంగా చింపింది.

"ఆరు గాడిదలు మళ్లీ టోపీ పెట్టుకుని నిలబడాలి. మీరు నవ్వుకోడానికి."

తిడితే బాగుండేది. తిట్టుకి తిట్టు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. వెళ్లి గాడిదల కొట్టం కడిగాను, అది నా వంతు కాకపోయినా.

పడమటి గాలి, పన్నెండో రోజు

చింపిన ఆరూ మళ్లీ చేశాం. మొత్తం పదకొండు గాడిదలు, ముప్పై మూడు వంతులు. ప్రతి వంతులోనూ పగ్గం, చెవి. నేను ఇంక ఏ దారమూ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం చోడి అంబలి తాగాక నిరుపమ అందర్నీ కూర్చోబెట్టింది. పరదేశినాయుడు కుర్చీ తెప్పించుకున్నాడు. సన్యాసమ్మప్ప గడప మీద కూర్చుంది.

"అసలు సూది వేసినప్పుడు నొప్పి తగ్గింది" అంది నిరుపమ.

అప్ప తల ఊపింది.

"దొంగ సూది వేసినప్పుడూ అంతే తగ్గింది. ఏ సూదీ వెయ్యనప్పుడూ అంతే తగ్గింది. మూడింటికీ తేడా లేదు. సూది పనిచేస్తుందని నేను రాయలేను, సన్యాసమ్మ గారూ."

అప్ప సూదుల డబ్బా ఒళ్లోకి తీసుకుని మూత బిగించింది. బిగించిన మూతనే మళ్లీ బిగించింది.

"నలభై ఏళ్లు గాల్లో గుచ్చినానా అయితే" అంది. నవ్వుతూనే అంది.

పరదేశినాయుడు చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించే చెప్పాడు. పద్దెనిమిదో రోజున కాగితం మీద సంతకం పెడతానన్నాడు. ఆ తర్వాత సూదిశాల ఉండదు, ఆరో రోజూ మోతే. ఆరో రోజు కూడా మెట్లు ఎక్కలేని గాడిద ఏదైనా ఉంటే అదే కాగితంలో కిందికి పంపుతారు.

కిందికి పంపడమంటే తోలు పనివాళ్ల దగ్గరికి. వెనక్కి వచ్చిన గాడిద లేదు.

"ఎవులున్నారు అలాటోలు?" అన్నాడు నన్ను చూసి.

నేను చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. కలెక్టరమ్మకి పంతొమ్మిదేళ్లు. పద్నాలుగేళ్లుగా నా చేతి కింద ఉంది. కుడి ముందుకాలి మోకాలు ఉబ్బి ఉంటుంది. నిటారుగానే నడుస్తుంది, ఎవరైనా చూస్తుంటే ఇంకా నిటారుగా నడుస్తుంది. సూదిశాల మర్నాడు మాత్రం మెట్టు మెట్టుకీ ఆగదు. అది నాకు తెలుసు, పరదేశినాయుడికీ తెలుసు.

కాగితం మీద మొదటి పేరు అదే రాశాడు. నేను సరదాకి పెట్టిన పేరు అతని చేతిరాతలో చూస్తే సరదాగా లేదు.

పడమటి గాలి, పదమూడో రోజు

ఏదో ఆలోచనలో ఉండి ఇటుక జార్చుకున్నాను. కుడి బొటనవేలు మీద పడింది. గోరు నల్లబడింది. సూదిశాలకి వెళ్తే సన్యాసమ్మప్ప వేలు కడిగి గుడ్డ చుట్టింది. తర్వాత నా చెవి పట్టుకుని, చెవి మొదట్లో ఒక సూది దింపింది.

"వేలికి దెబ్బ తగిలితే సెవికి గుచ్చుతావేటి అప్పా?"

"నోరు మూసుకుని కూకో."

కూర్చున్నాను. కాసేపటికి వేలు ఇంకొకడిదైనట్టు అయింది. నొప్పి ఉంది గానీ పక్కింట్లో ఉంది.

"గాడిదలకీ సెవిలో గుచ్చుతావా?"

"మా గురువు సెవితోనే మొదలెట్టీవోరు. నొప్పికి సెవి మొదలు కన్నా మంచి చోటు నేదనీవోరు."

"మరి నువ్వెప్పుడూ గుచ్చగా సూడనేదు?"

"నువ్వు సెవి మీంచి సెయ్యి తీసి ఒగ్గితే కదరా గుచ్చడానికి. మీ అయ్య ఒగ్గనేదు, నువ్వూ ఒగ్గవు. ఇసిగిపోయి కాళ్లకి గుచ్చుకుంటన్నాను."

అప్ప విసుక్కుంటూ అన్న మాట అది. నేను సూది చెవిలో ఉండగానే లేచి కొట్టంలోకి వెళ్లాను. "సూది తియ్యనీరా ఎదవా" అని వెనక నుంచి కేకలు.

కలెక్టరమ్మ చెవి ఎడమ చేత్తో పట్టుకున్నాను. పట్టుకుని నా చేతిని చూశాను. బొటనవేలు దానంతట అదే చెవి మొదట్లోకి వెళ్లి, ఒకచోట ఆగి, నొక్కి, తిరగడం మొదలుపెట్టింది. గుండ్రంగా. నేను చెప్పలేదు. ఆపితే ఆగింది, మాట మర్చిపోగానే మళ్లీ మొదలైంది. కలెక్టరమ్మ కింది పెదవి వేలాడింది. కుడి ముందుకాలి మీద బరువు వేసింది.

మా అయ్య ఇలాగే పట్టుకునేవాడు. మా తాతా ఇలాగే. కొండ మీద గాడిదని పట్టుకోవడమంటే ఇదే. ఇది ఒక పని అని ఎవరికీ తెలియదు.

ఏ సూదీ లేని వంతులో కూడా నేను ఉన్నాను.

పడమటి గాలి, పద్నాలుగో రోజు

పొద్దున్నే నిరుపమ దగ్గరికి వెళ్లి చెప్పాను. సామాను సర్దుకుంటోంది. సర్దుతూనే వింది.

"తవుడు గారూ, ఇది కూడా ఆ నమస్కారాల్లాంటిదేనా?"

"కాదు."

"దారాల్లాంటిదా?"

"కాదమ్మా."

ఇదిగో ఇలాంటప్పుడు తెలుస్తుంది, మనిషి ఎంత చెడ్డపేరు పోగు చేసుకున్నాడో. ప్రమాణం చేద్దామంటే, నేను చేసిన ప్రమాణాల మీద కొండలో ఇప్పటికే నాలుగు కథలు ఉన్నాయి.

"పుస్తకం ఇలా ఇవ్వండి" అంది. ఇచ్చాను. తన గురించి రాసినవి కూడా చదువుతుందని అప్పుడు గుర్తొచ్చింది. నిలబడే చదివింది, తర్వాత పెట్టె మీద కూర్చుని చదివింది.

"చెవి. చెవి. చెవి. ప్రతి రోజూ రాసే ఉంది. నేను మధ్యలో ఒకసారి చదివాను కూడా. పగ్గం అన్నట్టే చదివేశాను." పుస్తకం మూసింది. "నా పుస్తకంలో ఏం రాసుకున్నానో తెలుసా? 'మామూలుగా పట్టుకున్నారు' అని."

సన్యాసమ్మప్పనీ తీసుకుని పరదేశినాయుడి దగ్గరికి ముగ్గురం వెళ్లాం.

"ఆ పుస్తకం రాసింది ఎవులు? వీడే కదా" అన్నాడు. "తవుడు నిజం సెప్పిన రోజు మరలు ఎనక్కి తిరుగుతాయి."

"చెవి ముట్టుకోకుండా మళ్లీ చూడాలి" అంది నిరుపమ. "వద్దంటే, నా లెక్క తప్పని కేంద్రానికి నేనే రాసుకోవాలి."

"పద్దెనిమిదో రోజు దాకా టైముంది. నాలుగు గాడిదలు. అంతే."

తిరిగొచ్చే దారిలో సన్యాసమ్మప్పను పక్కకి పిలిచాను.

"అప్పా, సెవి ఒగ్గీసినాక సూదికి ఏటీ రాకపోతే? అప్పుడింక ఎవులూ మూత తియ్యనేరు. ఒక పని సేద్దాం. అసలు సూది వంతు వచ్చినప్పుడు నువ్వొకసారి దగ్గు. నాను ఏదో రకంగా సెవి..."

"తవుడూ."

"ఏటి?"

"పని సెయ్యని సూది గుచ్చితే దాన్ని పొడవడం అంటారురా. నాను నలభై ఏళ్లు పొడిసినానో వైద్యం సేసినానో నాకు తెలియాల. నువ్వు మజ్జిలోకి రాకు."

పడమటి గాలి, పదిహేనో రోజు

నన్ను స్తంభానికి కట్టేయమని నేనే అడిగాను. గాలిమర స్తంభం, గాడిద నిలబడే చోటికి ముప్పై అడుగులు. అందరికీ కనిపించేట్టు. లేకపోతే రేపు ఏం జరిగినా తవుడు చేశాడనే అంటారు. పరదేశినాయుడు ఆ తాడు ఎంత సంతోషంగా కట్టాడో చెప్పలేను. నలభై ఏళ్ల బాకీ తీర్చుకున్నట్టు ముడి మీద ముడి వేశాడు.

గాడిదని తానే పట్టుకుంటానన్నాడు. "పగ్గం ఒక్కటే పట్టుకుంటాను. సూద్దాం ఈ సెవి కత." ముందుగా తాసిల్దారు. ఏ వంతో నాకు తెలియదు. నిరుపమ తెర దగ్గర, అప్ప గాడిద కాళ్ల దగ్గర.

గాలి ఒకసారి గట్టిగా కొట్టింది. తాసిల్దారు ఉలిక్కిపడి తల ఎత్తాడు. నేను స్తంభం దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. పరదేశినాయుడి కుడి చెయ్యి మెల్లగా లేచింది, పోయింది, చెవి మొదట్లో కూర్చుంది. బొటనవేలు తిరగడం మొదలైంది. ఆయన మొహం మాత్రం వేరే ఏదో సభలో ఉన్నట్టు గంభీరంగా ఉంది.

"బాబూ" అన్నాను ఇక్కడి నుంచి.

"నువ్వు మాటాడకు."

నిరుపమ గుడ్డ పక్కకి తీసింది. "నాయుడు గారూ, మీ చెయ్యి."

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. దానిని మరొకడి జేబులో పట్టుకున్నట్టు చూశాడు. తీసేశాడు. పగ్గం మార్చి పట్టుకున్నాడు. ఐదు నిమిషాలు గడిచాయో లేదో చెయ్యి మళ్లీ అక్కడే ఉంది.

"ఆ సెయ్యి నాను ఎట్టనేదు" అన్నాడు.

"తెలుసు" అంది నిరుపమ.

నేను ఏమీ అనలేదు. అనడానికి పదమూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. ఇది ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఎవరూ నమ్మరు.

కొండవాళ్లు ఎవరూ పట్టుకోడానికి పనికిరారని తేలింది. నిరుపమ ఒక్కతే చెవి పట్టడం నేర్చుకోనిది. పగ్గం తను పట్టుకోవాలి, తెర పరదేశినాయుడు చూసి అంకెలు రాయాలి. మిగతా రోజంతా నిరుపమ ఉలవలు పెట్టి గాడిదలకు అలవాటైంది. నేను స్తంభం దగ్గర కూర్చుని ఎలా నిలబడాలో చెప్పాను. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

పడమటి గాలి, పదిహేడో రోజు

నిన్న తాసిల్దారు, కరణం, మునసబు అయిపోయారు. ఇవాళ కలెక్టరమ్మ. నన్ను మళ్లీ కట్టారు. పరదేశినాయుడి ముళ్లు మొదటి పావుగంటలోనే విప్పేశాను. అవసరం లేదు, అలవాటు. తాడు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి రెండు వంతులూ పొద్దుటి పూట గడిచాయి. మూడోది ఎండ ఎక్కాక. అప్ప కాళ్ల దగ్గర కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. అంటే ఏ సూదీ లేని వంతు. పరదేశినాయుడు గుడ్డ అవతల తెర దగ్గర ఉన్నాడు. నిరుపమ పగ్గం పట్టుకుని, నేను చెప్పినట్టే భుజం తగలకుండా నిలబడింది. ఇరవై నిమిషాలు.

కలెక్టరమ్మ కాసేపు నిరుపమను చూసింది. తర్వాత మెడ తిప్పి నన్ను చూసింది. రెండు చెవులూ నా వైపు పెట్టింది. కుడి ముందుకాలు నేల మీద ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది. తల కొంచెం వంచింది, చెవి ఇచ్చేటప్పుడు వంచినట్టు.

నాకు చేతులు ఖాళీగా ఉన్నాయి. ముప్పై అడుగులు.

వెళ్తే దానికి ఊరట. వెళ్తే ఈ వంతు చెడుతుంది, కాగితం మీద రేపు సంతకం పడుతుంది, దాని పేరు మొదటిది. ఇదంతా నాకు తెలుసు. దానికి తెలియదు. దానికి తెలిసింది ఒకటే: తవుడు అక్కడ కూర్చుని ఉన్నాడు, రావడం లేదు.

ఒకసారి ఓండ్ర పెట్టింది. పెద్దగా కాదు. పద్నాలుగేళ్లలో నొప్పికి దాని గొంతు నేను వినలేదు.

తాడు తీసుకుని నా రెండు చేతులకీ నేనే చుట్టుకున్నాను.

గుడ్డ అవతల కుర్చీ కదిలింది. "ఇంతేటి ఇది?" అన్నాడు పరదేశినాయుడు. "అమ్మా, ఈ తెర పాడయిందేమో సూడు."

నిరుపమ కదల్లేదు. "ఇంకా ఆరు నిమిషాలుంది. అంకె రాయండి."

"మొత్తం ఎర్రగున్నాది."

"రాయండి."

ఆరు నిమిషాలూ అయ్యాక నేను వెళ్లి తెర చూశాను. మిరపకాయ కాదు. సగం కాలీఫ్లవర్ ఎర్రగా ఉంది.

"ఇది ఇవాళ వచ్చిన నొప్పి కాదు" అంది నిరుపమ. "రోజూ ఇంతే ఉండి ఉంటుంది. మనం చూసిన ప్రతిసారీ తవుడు గారి చెయ్యి చెవి మీద ఉంది, అందుకని మనకి చిన్నగా కనిపించింది."

పరదేశినాయుడు తెర ముందు నుంచి లేవలేదు. అప్ప వెంటనే సూదులు తీసింది. నేను కలెక్టరమ్మ దగ్గరికి వెళ్లి చెవి కోసం చెయ్యి చాపాను.

తల తిప్పేసుకుంది.

పడమటి గాలి, పద్దెనిమిదో రోజు

చీటీలు విప్పారు. నిరుపమ చదివింది. చెవి ముట్టుకోకుండా ఉంటే, ఏ సూదీ లేని వంతులో నొప్పి తగ్గలేదు. దొంగ సూదికి రవ్వంత తగ్గింది. అసలు సూదికి మూడు పాళ్లలో ఒక పాలు తగ్గింది. నాలుగు గాడిదల్లోనూ ఇదే వరస. నాలుగే కాబట్టి ఇంకా చూడాలని రాసుకుంది. పాత కాగితాలతో పోల్చి, చెవి పట్టుకుంటే సగం దాకా తగ్గుతున్నట్టుందని కూడా రాసుకుంది.

"సూది కన్నా వీడి బొటనేలు నయమా?" అంది సన్యాసమ్మప్ప.

"అలాగే ఉందమ్మా."

"ఇది వీడికి సెప్పకుండా ఉండాల్సింది." కానీ సూదుల డబ్బా మూత తీసింది. ఒక్కో సూదీ వెలుతురుకి పెట్టి చూసింది. కళ్లు తుడుచుకోలేదు, కాబట్టి నేనూ చూడనట్టు ఉన్నాను.

పరదేశినాయుడు కాగితం జేబులోంచి తీశాడు. సంతకం చోటు ఖాళీగానే ఉంది. ఆరో రోజు ఆరో రోజుగానే ఉంటుందన్నాడు. కింద ఊళ్లకి ఏమని చెప్తారని అప్ప అడిగితే, "దీపం కొంచెం బేగి ఆర్పుకోమంటాను" అన్నాడు. మొదటి పేరు కొట్టేశాడు. కొట్టేసిన చోట ఏదో ఒకటి రాయకపోతే సభ ఊరుకోదు కదా, అందుకని రాశాడు: సూదిశాల గాడిద. మోత లేదు. సెవి ముట్టకుండా పట్టుకోడం కొండవోలకి నేర్పడానికి.

"పద్నాలుగేళ్లు ఆ కాలు మీద ఇటుకలెట్టించినాను" అన్నాడు నాతో, ఇద్దరమే ఉన్నప్పుడు. "నిటారుగా నడిసీది కదరా."

"నడిసీది బాబూ" అన్నాను.

పడమటి గాలి, ఇరవై ఆరో రోజు

నిరుపమ వెళ్లి వారమైంది. మిగతా ఏడు గాడిదలకు చూడడానికి తూర్పు గాలి మొదలయ్యాక వస్తుంది. పుస్తకం ఆపొద్దంది. చెవి పడితే ఎన్ని నిమిషాలు పట్టానో ఇక మీదట అంకె వెయ్యాలి. ఇన్నాళ్లూ నా చెయ్యి చేసింది ఇప్పుడు వైద్యమైంది, వైద్యానికి లెక్క ఉండాలట.

తాసిల్దారు: పది నిమిషాలు. కరణం: పన్నెండు. మునసబు: పది, మళ్లీ కాలు తొక్కాడు.

కలెక్టరమ్మ: సున్నా.

ఎనిమిది రోజులుగా సున్నాయే. సూదులు వేయించుకుంటోంది, దాణా తింటోంది, నీడలో పడుకుంటోంది. అప్పకి చెవి ఇస్తోంది. నాయుడు రోజూ ఏదో పని మీద వచ్చినట్టు వస్తాడు, తాళాలు చూడాలనో, గడ్డి ఎంతుందో చూడాలనో. ఆయనకి కూడా ఇస్తోంది. "ఏరా, నీకియ్యదా?" అని ఆగి మరీ అడిగి వెళ్తాడు. నేను చెయ్యి చాపితే మాత్రం తల గోడ వైపు తిప్పుతుంది.

చెప్పుకుందామంటే దానికి ఏ భాషలో చెప్పాలి? ఆ ఇరవై నిమిషాలు దాని కోసమే కూర్చున్నానని మనిషికి చెప్పినా నమ్మడు, నేను చెప్తే అసలే నమ్మడు.

ఇవాళ చెయ్యి చాపలేదు. బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాను, రెండు బారల దూరంలో. తిట్టలేదు కూడా. ఎండ కొట్టం లోపలికి వచ్చి, పాకి, బయటికి పోయేదాకా కూర్చున్నాను. ఒకసారి ఈ వైపు చూసింది. ఒకసారి తోక ఊపింది.

ఈగలు ఉన్నాయి. ఈగల కోసమే అయి ఉండొచ్చు. తెలియదు. తెలియదనే రాస్తున్నాను.

చెవి: సున్నా నిమిషాలు. రేపు మళ్లీ కూర్చుంటాను.